జమాఖర్చు లేని తుపాకులు

ప్రత్తిపాడు చుట్టుప్రక్కల నల్లరేగడి చేలలో పండి, కల్లాలలో ఎండి, గోతాములకెక్కి గుంటూరు మిర్చియార్డు చేరిన కాయలో కొంతభాగము ఏటేటా సముద్రము దాటి శ్రీలంకకు పోవుచుండును. ఈ రాకపోకలు నిన్న మొన్నటివి కావు. ఇక్ష్వాకుల కాలమున నాగార్జునకొండ లోయలో సింహళ భిక్షువులకొక విహారముండెననుటకు, బోధిశ్రీ అను ఉపాసిక వేయించిన శాసనము నేటికిని సాక్ష్యము చెప్పుచున్నది. పదునేడు వందల ఏండ్ల క్రిందట ధర్మచర్చకై కృష్ణాతీరమునకు మనుష్యులు వచ్చిన ఆ ద్వీపము, మన కారమును కొని తినుచున్న ఆ ద్వీపము, మూడు దశాబ్దముల పాటు రక్తములో మునిగినప్పుడు, అది ఎవరి ఇంటి కలహమో యని ప్రక్కకు తప్పుకొనుటకు మనకు వీలు లేదు. ఏలయన, ఆ రక్తపాతములో ప్రయోగింపబడిన తుపాకులలో కొన్నిటిని, మన పన్నుల సొమ్ముతో, మనకు తెలియకుండ, మన ప్రభుత్వమే ఇచ్చినది.

1991 మే 21వ తేదీ సాయంకాలము రాజీవ్ గాంధి విశాఖపట్నములో ఎన్నికల ప్రచారము ముగించుకొని మద్రాసు పోవలసి యుండగా, ఆయన నడపవలసిన చిన్న విమానములో సాంకేతిక లోపము కనిపించి ప్రయాణము ఆగిపోవునట్లు తోచినది. తరువాత ఆ లోపము సరియైనదని తెలిసి ఆయన విమానమెక్కెను. తెలుగు నేలపై ఆయన నిలిచిన కడపటి గడియలవి. ఆ రాత్రి పది గంటలు దాటిన కొంతసేపటికి శ్రీపెరుంబుదూరు సభాస్థలిలో, గంధపుమాల చేతబట్టుకొని పాదములకు నమస్కరించుటకా యన్నట్లు వంగిన ఒక యువతి, నడుమునకు కట్టుకొన్న ప్రేలుడు సామగ్రిని ప్రేల్చి తానును చచ్చి, ఆయనను, చుట్టునున్న మరి పదునలుగురిని చంపినది. ఆ దృశ్యమును చిత్రించుటకు కుట్రదారులు వెంటబెట్టుకొని వచ్చిన ఫొటోగ్రాఫరు కూడ ఆ ప్రేలుడులోనే మరణించెను; అతని దేహముపై కెమెరా మాత్రము చెక్కుచెదరక మిగిలి, అందలి ఫిలిములోని కొద్దిపాటి చిత్రములే దర్యాప్తునకు తొలి ఆధారములైనవి. ఆ యువతిని పంపినది లిబరేషన్ టైగర్స్ ఆఫ్ తమిళ్ ఈలం, అనగా మనము పులులని పిలుచుకొన్న సంస్థ. ఆ సంస్థలోని యోధులకు, దానితోపాటు మరికొన్ని సంస్థల యోధులకు, ఎనిమిదేండ్లకు పూర్వము భారతదేశమే స్థావరములిచ్చి, శిక్షణ యిచ్చి, ఆయుధములిచ్చి యుండెను.

ఒక ప్రభుత్వము పొరుగుదేశముపై బహిరంగముగా యుద్ధము ప్రకటింపదలచుకొన్నచో పార్లమెంటుకు చెప్పవలెను, ప్రపంచమునకు కారణము చూపవలెను, తన సైనికుల శవములు ఇంటికి వచ్చునప్పుడు సమాధానము చెప్పవలెను. ఈ మూడు బాధ్యతలును లేకుండ అదే ప్రయోజనమును సాధింపవచ్చునను ఆశయే రహస్యముగా తిరుగుబాటుదారులకు ఆయుధము లిచ్చుటకు మూలము. ఆ దేశములో అసంతృప్తితో రగులుచున్న ఒక వర్గమును గూఢచార సంస్థ పట్టుకొనును. సరిహద్దు కీవల శిబిరములు వెలయును. ఏ దేశపు ముద్రయు లేని ఆయుధములు, జమాఖర్చులకెక్కని సొమ్ము చేతులు మారును. అడిగినవారికి అట్టిదేమియు లేదని విదేశాంగ శాఖ బదులు చెప్పును. మన ప్రాంతపు పత్తిరైతునకు దీని సారమును గ్రహించుట కష్టము కాదు. బిల్లు లేకుండ, సంచిపై పేరు లేకుండ, తక్కువ ధరకని చాటుగా కొన్న విత్తనము చేలో పూత నిలువక రాలిపోయినప్పుడు, ఏ దుకాణమునకు పోయి ఎవరిని నిలదీయగలడు? కొన్నట్లే ఋజువు లేదు. రహస్యముగా ఇచ్చిన తుపాకి సంగతియు నిట్టిదే. ఇచ్చినట్లే ఒప్పుకొనని ప్రభుత్వము దానిని తిరిగి ఇమ్మని ఎట్లడుగును? ఆ తుపాకి ఎవరిని చంపినదో లెక్క ఎట్లు చెప్పును?

ఇది క్రొత్త విద్య కాదు. మన తీరమే దానిని చూచినది. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున గుంటూరు సర్కారు నిజాం అలీఖాను సోదరుడైన బసాలత్ జంగుకు జాగీరుగా నుండెను. అతడు ఆదోనిలో ఫ్రెంచి సేనానుల క్రింద ఒక పటాలమును పోషించుచు, దానికి కావలసిన మనుష్యులను, సామగ్రిని మోటుపల్లి రేవుగుండ తెప్పించుకొనుచుండెను. కాకతి గణపతిదేవుడు 1244లో పరదేశ వర్తకులకు అభయశాసనము వేయించిన రేవదియే. ఇంగ్లీషు కంపెనీ దీనిని సహింపక 1779లో బసాలత్ జంగుతో ఒప్పందము చేసికొని గుంటూరును తన చేతిక్రిందికి తెచ్చుకొనగా, తన్ను దాటి జరిగిన ఆ ఒప్పందమునకు నిజాము కోపగించెను. ఆదోనికి పోవుచున్న కంపెనీ సేనను కడప సీమలో హైదరలీ అడ్డగించెను. మరుసటి ఏటనే కర్ణాటకమును కాల్చివేసిన రెండవ మైసూరు యుద్ధమునకు దారితీసిన కారణములలో ఈ గుంటూరు వ్యవహారము నొకటిగా చరిత్రకారులు లెక్కింతురు. ఒక చిన్న రేవులో దిగిన సామగ్రి ఎంత దూరము పోయి ఎవరి ఇండ్లను కాల్చునో, దించుకొన్నవాడును ఎరుగడు, పంపినవాడును ఎరుగడు.

శ్రీలంక తమిళుల దుఃఖము కల్పితము కాదని మొట్టమొదట చెప్పవలెను. 1956లో సింహళమొక్కటే రాజభాషయని చట్టము చేసి, 1970 తరువాత విశ్వవిద్యాలయ ప్రవేశములలో తమిళ విద్యార్థులకు ఎక్కువ మార్కుల నియమము పెట్టి, 1981లో సుమారు 97,000 గ్రంథములతో అలరారుచున్న యాళ్పాణము (జాఫ్నా) గ్రంథాలయమును తగులబెట్టినవారిని శిక్షింపక విడిచిన రాజ్యము, తన పౌరులలో ఒక జాతిని తనకు తానే దూరము చేసికొన్నది. 1983 జూలై 23న యాళ్పాణములో పులులు మాటువేసి 13 మంది సైనికులను చంపగా, దానిని నెపముగా గొని కొలంబోలో ఓటర్ల జాబితాలు చేతబట్టుకొని తమిళుల ఇండ్లను వెదకి వెదకి కాల్చిరి. వెలికడ చెరసాలలో నున్న 53 మంది తమిళ ఖైదీలను రెండు విడతలుగా తోటి ఖైదీలు చంపివేసిరి. పడవలెక్కి రామేశ్వరము చేరిన శరణార్థులను జూచి తమిళనాడు ఉడికిపోయినది. ఉడికిపోవుట న్యాయము కూడ.

ఆ సమయమున భారతప్రభుత్వము రెండు త్రోవలు తొక్కినది. ఒకటి బహిరంగము. అప్పటి విదేశాంగ మంత్రి మన పి.వి. నరసింహారావును, అల్లర్లు చల్లారక ముందే, ఆ జూలై నెలాఖరుననే, ఇందిరాగాంధి కొలంబోకు పంపినది. తరువాత జి. పార్థసారథి రాయబారము సాగినది. ఉభయపక్షములను కూర్చుండబెట్టి తమిళ ప్రాంతములకు స్వపరిపాలనాధికారములు ఇప్పించుట ఆ త్రోవ గమ్యము. రెండవది రహస్యము. రిసెర్చ్ అండ్ ఎనాలిసిస్ వింగ్, లోకమున 'రా' అని పేరుపడిన సంస్థ, ఆ సంవత్సరమే తమిళ యువకులను తెచ్చి డెహ్రాడూను కొండలలోని చక్రాతా వద్దను, తరువాత తమిళనాడులోని శిబిరములలోను యుద్ధవిద్య నేర్పసాగెను. టెలో, ఈరోస్, ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్., ప్లాట్, పులులు, ఈ అయిదు ముఖ్యమైన సంస్థలును ఆ శిక్షణలో పాలు పంచుకొన్నవి. మొదటి త్రోవన పోవు రాయబారి శాంతిని గూర్చి మాటలాడుచుండగా, రెండవ త్రోవన పోయిన పడవ ఆ మాటలను ముంచుచుండెను. ఇట చెప్పెడివారిని కొలంబో నమ్మకపోయినది, అట పోరాడెడివారికి రాజీ పడవలసిన అవసరము కనిపింపకపోయినది.

ఢిల్లీ ఆలోచనలో కరుణ ఒక్కటే లేదు. శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ప్రభుత్వము అమెరికా వైపు మొగ్గుచున్నదనియు, త్రింకోమలి రేవు పరాయివారి చేతులలో పడుననియు భయముండెను. తమిళనాడు ఓట్లును లెక్కలో నుండెను. అన్నిటికంటె మించి 1971 జ్ఞాపకముండెను. తూర్పు బెంగాలులో ముక్తివాహినికి శిక్షణ యిచ్చిన విధానము సఫలమై, ఆ డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయినది గదా, అదే మంత్రము ఇక్కడను పారునని తలచిరి. అయితే 1971లో ఎన్నికలలో గెలిచిన ఒక పక్షము, అది ఏర్పరచిన ఒక ప్రభుత్వము, ఒక సేనాపతి ఉండిరి. కోటి మంది శరణార్థులు తరలివచ్చిన సంగతి లోకమెల్ల ఎరుగును. కడకు భారతసేనయే బాహాటముగా నడిచినది. లంకలో నట్లు కాదు. ఎన్నికలలో తమిళులు గెలిపించిన నాయకుడు అమృతలింగము చేతిలో ఒక్క తుపాకియు లేదు. తుపాకులున్న యువకులను ఎవరును ఎన్నుకొనలేదు. ఆ అమృతలింగమును 1989 జూలైలో కొలంబోలోని ఆయన వసతిలోనే పులులు పంపినవారు కాల్చి చంపిరి. సఫలమైన ఒక కార్యమునుండి తప్పుడు పాఠము నేర్చుకొనుటకంటె రాజ్యమునకు ప్రమాదకరమైనది వేరొకటి లేదు.

అయిదు సంస్థలకు ఇచ్చుటలో ఒక యుక్తి యున్నది: ఏ ఒక్కటియు మితిమీరి బలపడకుండ, ఒకదానిని మరియొకటి అదుపులో నుంచునని. ఆ యుక్తి ఫలించిన తీరు చూడుడు. ఢిల్లీకి మిక్కిలి విధేయమైనదని పేరుపడిన టెలోపై 1986 ఏప్రిల్ చివర పులులు విరుచుకుపడి, కొద్ది దినములలోనే ఆ సంస్థకు చెందిన వందలాది యువకులను వీధులలో చంపి, దాని నాయకుడు శ్రీసబారత్నమును మే నెలలో హతమార్చిరి. ఏ తమిళుల రక్షణకై ఆయుధములిచ్చితిమో, ఆ ఆయుధములు తమిళుల మీదనే ప్రేలినవి. అంతకు ముందే, 1985 మే 14న, అనురాధపురములో బోధివృక్షము చెంత యాత్రికులతో సహా 146 మంది నిరాయుధులు పులుల చేతిలో హతులైరి. 1984 ఆగస్టు 2న మద్రాసు మీనంబాక్కం విమానాశ్రయములో, కొలంబోకు పోవలసిన సామానులో మరియొక ఈలం వర్గమువారు పెట్టిన బాంబు అక్కడనే ప్రేలి సుమారు ముప్పది మంది మరణించిరి. ఇక ప్లాట్ సంస్థ సంగతి మరీ వింత. అందలి సాయుధులు 1988 నవంబరు 3న, ఒక మాల్దీవుల వ్యాపారి సొమ్ముకై, తమకెట్టి పగయు లేని మాలె నగరముపై పడి ప్రభుత్వమును కూలద్రోయబోగా, ఆగ్రానుండి భారత పారాచూటు దళములు రాత్రికి రాత్రి ఎగిరిపోయి ఆ కుట్రను భగ్నము చేసినవి. భారతదేశము శిక్షణ యిచ్చిన సంస్థనుండి ఒక ద్వీపరాజ్యమును రక్షించుటకు భారతదేశమే సేనలను పంపవలసి వచ్చినది!

1984లో ఒక ఆంగ్ల పక్షపత్రిక ఈ శిబిరముల గుట్టు విప్పినది, ప్రభుత్వము కాదన్నది. తమిళనాట ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ పులులకు కోట్ల రూపాయలు ఇచ్చుచున్న సంగతి బహిరంగ రహస్యముగా నుండెను. స్థానిక పోలీసు కానిస్టేబులు చేతిలో, తన చట్టము ప్రకారము పట్టుకొనవలసిన ఆయుధము కంటికి కనిపించుచున్నను పట్టుకొనరాదను పై ఉత్తరువు మాత్రమే మిగిలినది. దీనిని నేను చిన్న విషయముగా తలపను. ఒక జిల్లాలో చట్టమునకు కన్నులు మూయుటకు అలవాటు పడినచో, ఆ అలవాటు ఉత్తరువు మారిన మరునాడే పోదు. 1990 జూన్ 19న మద్రాసు కోడంబాక్కములో ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్. నాయకుడు పద్మనాభను, ఆయన సహచరులను కాల్చి చంపినవారు తప్పించుకొని పోగలిగిరి. పట్టువడియుండిన, ఆ హంతకులతో కలిసి పనిచేసిన శివరాసన్, మరుసటి ఏడు రాజీవ్ హత్యను నడిపించుటకు శ్రీపెరుంబుదూరులో ఉండెడివాడు కాడు.

1987 అనగానే గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిరైతులకు జ్ఞాపకము వచ్చునది తెల్లదోమ. మందు మీద మందు కొట్టినను పైరు నిలువక, అప్పులు తీర్చలేక రైతులు ప్రాణములు తీసికొన్న ఏడది. ఆ ఏటనే, ఆ జూలై 29న, కొలంబోలో రాజీవ్ గాంధి, జయవర్ధనే ఒడంబడికపై సంతకములు చేసిరి. మరునాడు గౌరవవందనము స్వీకరించుచున్న భారత ప్రధానిని సింహళ నావికుడొకడు తుపాకి మడమతో కొట్టబోయెను. తమిళుల ఆయుధములను సేకరించి శాంతిని నెలకొల్పుటకై భారత శాంతిసేన లంకలో దిగినది. పులులు కొన్ని పాత తుపాకులను అప్పగించిరి, మంచివి దాచుకొనిరి. మూడు నెలలు గడువకముందే, ఆయుధములిచ్చినవారికిని పుచ్చుకొన్నవారికిని యుద్ధము మొదలైనది.

అక్టోబరు 11వ తేదీ రాత్రి యాళ్పాణము విశ్వవిద్యాలయ ప్రాంగణములో పులుల నాయకులున్నారని విని, వారిని పట్టుకొనుటకు హెలికాప్టర్లలో కమాండోలను, సిక్కు లైట్ ఇన్‌ఫెంట్రీ జవానులను ఆటమైదానములో దింపుట కుపక్రమించిరి. రేడియోలో మనవారు చెప్పుకొనుచున్న మాటలను పులులు విని, చుట్టునున్న భవనములపై ముందుగనే మాటువేసి కూర్చుండిరి. హెలికాప్టర్లపై గుండ్లవాన కురియుటచే మొదటి విడత తప్ప తక్కిన సిక్కు జవానులు దిగలేకపోయిరి. దిగిన ముప్పది మంది ఆ మైదానమున ఒంటరిగా చిక్కుకొని, తెల్లవారి చాలసేపటివరకు, చేతనున్న గుండ్లు అయిపోవువరకు పోరాడిరి. 29 మంది మరణించిరి. ఒక్కడు బందీగా చిక్కెను. ఏ గ్రామమునుండి సైన్యములో చేరి ఏ మైదానములో చచ్చిరో, తమకు ఎదురుగా నున్న సంస్థకు గురి చూచుట నేర్పినదెవరో, ఆ జవానులకు చెప్పినవారు లేరు. శాంతిసేన 1990 మార్చి 24న వెనుదిరిగి వచ్చునప్పటికి సుమారు 1,200 మంది సైనికులను పోగొట్టుకొన్నది. అంతకు రెట్టింపునకు మించి గాయపడిరి. యాళ్పాణము ఆసుపత్రిలో 1987 అక్టోబరు 21, 22 తేదీలలో రోగులు, వైద్యులు, సేవికలు అరువదిమందికి పైగా మన సైనికుల కాల్పులలో మరణించిరను మాట కూడ ఇక్కడనే వ్రాయవలెను. రక్షకుడుగా పోయినవానిని చూచి తమిళ తల్లి బిడ్డను దాచుకొను స్థితి వచ్చినది.

ఇంత జరిగినను పాఠము పట్టువడలేదు. తిరిగివచ్చుటకు ముందు, ఈశాన్య ప్రాంతపు ప్రభుత్వమును నిలుపుటకని తమిళ జాతీయ సైన్యమను పేర యువకులను, బాలురను బలవంతముగా పోగుచేసి వారికి మరల ఆయుధములిచ్చిరి. శాంతిసేన ఒక్కొక్క ఊరు వదలుచుండగా పులులు ఆ పసివారిని చంపి, లొంగదీసికొని, ఆ క్రొత్త తుపాకులను కైవసము చేసికొనిరి. ఆ కాలముననే శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస ఇంకొక వింత చేసెను: భారతసేనను వెళ్ళగొట్టుటకై, తన రాజ్యమును చీల్చుటకు పోరాడుచున్న పులులకు తానే గుట్టుగా ఆయుధములు పంపెను. భారతసేన పోయిన మూడు నెలలలో, 1990 జూన్ 11న, పై అధికారుల ఆజ్ఞపై ప్రతిఘటింపక లొంగిపోయిన ఆయన పోలీసులను, అనేక వందల మందిని, పులులు తూర్పు తీరమున వరుసగా నిలిపి చంపిరి. 1993 మే డే ఊరేగింపులో ఆత్మాహుతి బాంబునకు ప్రేమదాసయు బలియయ్యెను. శత్రువు శత్రువని చేరదీసిన ఇద్దరు ప్రభుత్వాధినేతలు ఒకే సంస్థ చేతిలో, ఒకే విధమున, రెండేండ్ల యెడముతో మరణించిన ఉదాహరణము చరిత్రలో మరియొకటి నాకు తోచదు.

రాజీవ్ మరల అధికారమునకు వచ్చినచో శాంతిసేన తిరిగి వచ్చునను భయమే ఆయన హత్యకు ప్రేరణమని దర్యాప్తు తేల్చినది. ఆ హత్యానంతరము ఆంధ్రదేశమున ఏమి జరిగెనో పెద్దలు మరువలేదు. దానితో ఎట్టి సంబంధమును లేని తెలుగుదేశమువారి ఆస్తులపై పలుచోట్ల మూకలు పడి ధ్వంసము చేసినవి. చక్రాతా కొండలలో వేసిన నిప్పు తమిళము తెలియని, లంకను చూడని మనుష్యుల వాకిట రగిలినది. అదే ఎన్నికలలో పోటీ చేయక, రాజకీయములనుండి విరమించుకొనుటకు సిద్ధపడియున్న పి.వి. నరసింహారావు, జూన్ 21న ప్రధానిగా ప్రమాణము చేసి, ఆ సంవత్సరమే నంద్యాలలో ఐదు లక్షలకు పైగా ఆధిక్యముతో లోక్‌సభకు వచ్చెను. తెలుగువాడు ప్రధానియైన సంతోషమునకు మూలమైన ఖాళీ ఎట్లేర్పడినదో తలచుకొన్నప్పుడు ఆ సంతోషము సంపూర్ణము కాదు.

మరియొక ఋణము కూడ మన ఖాతాలో పడినది. 1980ల చివర పీపుల్స్ వార్ దళములకు మందుపాతరల విద్య నేర్పినవారిలో పులుల సంస్థనుండి వచ్చినవారు కలరని పోలీసు అధికారులు పలుమార్లు చెప్పియున్నారు. తరువాతి దశాబ్దమున తెలంగాణలోను, పలనాడులోను, నల్లమల అంచులలోను జీపుల క్రింద ప్రేలిన ఆ పాతరల శబ్దము మన వార్తాపత్రికలకు నిత్యకృత్యమైనది. 2003 అక్టోబరు 1న అలిపిరి వద్ద ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు క్లేమోర్ మైన్లనుండి వెంట్రుకవాసిలో బయటపడెను. ఆయుధము తుప్పుపట్టి పోవచ్చును, నేర్చిన విద్య చేతినుండి చేతికి పోవుచునే యుండును.

ఈ తప్పు మన ఒక్కరిది కాదు. అమెరికా 1980 నుండి పాకిస్తాన్ గూఢచార సంస్థ చేతులమీదుగా ఆఫ్ఘన్ ముజాహిదీన్‌లకు ఆయుధములు పంపి, 1986లో భుజముమీద నుంచి ప్రయోగించు స్టింగర్ క్షిపణులను కూడ ఇచ్చి, సోవియట్ సేన తరలిపోయిన పిదప, అవి తన విమానములపైననే ప్రయోగింపబడునని జడిసి, కోట్ల డాలర్లు వెదజల్లి తిరిగి కొనుటకు యత్నించినది. మధ్యవర్తి తనకు నచ్చిన వర్గములకే పంచెను; ఆ తుపాకులలో కొన్ని కాశ్మీరములో తేలినవి. నికరాగువాలో కాంట్రాలను పోషించినందుకు 1986 జూన్ 27న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానము అమెరికాను దోషియని తీర్పు చెప్పినది. అమెరికా ఆ తీర్పును లెక్కచేయలేదు. అయినను ఆ దేశమునుండి గ్రహింపదగిన అంశమొకటి యున్నది. కాంట్రాలకు సొమ్ము ఇవ్వరాదని వారి శాసనసభ నిషేధించిన తరువాత, ఇరానునకు చాటుగా ఆయుధములమ్మి ఆ డబ్బును కాంట్రాలకు మళ్లించిన అధికారులను 1987 వేసవిలో ప్రజలందరు టెలివిజనులో చూచుచుండగా సభాసంఘము ముందు నిలిపి ప్రశ్నించిరి. శిక్షలు నామమాత్రములైనను ప్రశ్న బహిరంగముగా అడుగబడినది.

మనకు అట్టిది లేదు. 1997లో జస్టిస్ మిలాప్ చంద్ జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక వెలువడినప్పుడు దేశమంతయు చర్చించినది డి.ఎం.కె. పులులకు ఎంత సాయము చేసెనను అంశమునే. కాంగ్రెసు మద్దతు ఉపసంహరించుకొనుటతో గుజ్రాల్ మంత్రివర్గము ఆ నవంబరులో కూలినది. ఆ శిబిరములకు ఆజ్ఞ యిచ్చినదెవరు, సొమ్ము ఏ పద్దునుండి వచ్చినది, ఎన్ని తుపాకులు పోయినవి, వానిని వెనుకకు తెచ్చు ఉపాయమును ఎవరైన ఆలోచించిరా యను ప్రశ్నలకు పార్లమెంటులో ఏనాడును సమాధానము రాలేదు. 2009 మేలో పులుల నాయకుడు ప్రభాకరన్ మరణముతో యుద్ధము ముగియునప్పటికి ఎనుబదివేలనుండి లక్షవరకు ప్రాణములు పోయినవని ఐక్యరాజ్యసమితి అంచనా. సింహళ రాజ్యపు దుర్నీతికి ఇందు అగ్రతాంబూలము. పులుల క్రౌర్యము దానికి తీసిపోదు. కాని శిబిరములు నడిపిన దేశముగా మన వంతు కూడ అందు కలదు, ఆ వంతు ఎంతయో తేల్చుకొను ధైర్యము మనకింకను రాలేదు.

1968లో ఏర్పడిన 'రా' సంస్థకు నేటివరకును పార్లమెంటు చేసిన చట్టము లేదు. ప్రభుత్వపు ఉత్తరువే దానికి పునాది. 2005 నాటి సమాచార హక్కు చట్టము దానిని మినహాయించినది. గూఢచర్యములో రహస్యము వలదని చెప్పు అమాయకుడను నేను కాను. శత్రువు ఎత్తుగడలను తెలిసికొనుటకు రహస్యము కావలెను. ఇతర దేశపు యువకుని చేతికి తుపాకి యిచ్చుట సమాచార సేకరణము కాదు, అది యుద్ధము. యుద్ధమునకు అనుమతించు అధికారము ప్రజాప్రతినిధులకు ఉండవలెను. అన్ని పక్షముల పెద్దలును ప్రమాణము చేసి కూర్చుండెడి ఒక చిన్న సంఘము, గుట్టు బయట పెట్టకయే, 1983లో ఈ పథకమును ముందుగా చూచి, 'ఈ అయిదుగురిలో ఎవరైన రేపు ఎదురు తిరిగినచో మీరేమి చేయుదురు?' అని ఒక్కమాట అడిగి యుండినచో, సమాధానము లేకపోవుటయే ఆ పథకమును ఆపుటకు చాలియుండెడిది. ఇట్టి సంఘమును ఏర్పరచి, గూఢచార సంస్థలను చట్టము క్రిందికి తేవలెనని 2011లో లోక్‌సభ సభ్యుడు మనీశ్ తివారి వ్యక్తిగతముగా ఒక బిల్లును ప్రతిపాదించెను. ఆ బిల్లు చట్టము కాలేదు. ఆ తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమును అట్టి చట్టమును తేలేదు.